సేవాదళము నుండి సేవావృత్తికి

సికింద్రాబాదు జూబిలీ బస్సు నిలయము నుండి తిరుమలగిరి వైపు పోవు రాజమార్గమునకు ఇరుప్రక్కల నల్లుకొనిన కార్ఖానా, పేరు విన్నంతనే కంటోన్మెంటును, కవాతు మైదానములను, సైనికాధికారుల బంగళాలను జ్ఞప్తికి దెచ్చు పేట. నిజామునకును ఆంగ్ల కుంపిణీకిని 1798లో కుదిరిన సైన్యసహకార సంధి పర్యవసానముగా హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున విడిసిన పటాలముల చుట్టును పెరిగి, 1806లో నాటి నిజాము సికందర్ జా పేర నామకరణము పొందిన ఈ నగరపు చరిత్రలో పటాలములకును, రైళ్ళకును, వర్తకమునకును లభించిన పుటలు ఆ వీధులలోనే నెలకొనిన సేవాసంస్థలకు లభింపలేదు. కార్ఖానా కూడలిని కేంద్రముగా నుంచుకొని కొలది మైళ్ళ వృత్తము గీచినచో, బాలకార్మికులను బడికి చేర్చు మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషనును, కుష్ఠు నివారణకై పాటుపడు లెప్రా సొసైటీయు పశ్చిమ మారేడుపల్లిలోను, అంగవైకల్యము గల శిశువులకు చికిత్సయు శిక్షణయు నొసగు స్వీకార్-ఉపకార్ సంస్థ పికెట్టు వద్దను, బుద్ధిమాంద్యము గలవారి కొరకు భారత ప్రభుత్వము స్థాపించిన జాతీయ సంస్థ బోయినపల్లి ప్రాంతపు మనోవికాస్ నగరులోను కనబడును.

ఈ సంస్థలలో పనిచేయు ప్రత్యేకోపాధ్యాయులు, ఫిజియోథెరపిస్టులు, గ్రామములలో తిరుగు కార్యకర్తలు, ఆరోగ్య పర్యవేక్షకులు నెల తిరుగగానే జీతము పుచ్చుకొని, దానితోనే సంసారము నడుపుకొనువారు. విద్యార్థిదశలో ఒక ఆదివారము పిల్లలను ఆడించుటకో, ఒక శిబిరములో చీపురు పట్టుటకో వచ్చి, ఆ పనినే జీవితముగా నెంచుకొనినవారు అట్టివారిలో అరుదు కారు. ఈ మార్గము అనాదిగా ఉన్నది కాదు. మన దేశమున దానమునకు కొదువ లేదు. అన్నసత్రములు, చలివేంద్రములు, చెరువులు, తోపులు గ్రామగ్రామమునను కలవు. కాని దాత యొకడు, యాచకుడొకడు తప్ప, దానిని శాస్త్రముగా నభ్యసించి, వేతనము గైకొని, నిత్యము నిర్వహించు మూడవ మనిషి ఆ వ్యవస్థలో లేడు. ఆ మూడవ మనిషి పుట్టుటకు నూరేండ్లు పట్టెను. ఆ నూరేండ్ల కథలో విద్యార్థి అడుగడుగునను ప్రత్యక్షమగును.

ఆ కథకు సికింద్రాబాదులోనే ఒక ఆరంభము కలదు. 1862లో స్థాపితమైన మహబూబ్ కళాశాలలో 1893 ఫిబ్రవరి 13వ తేదీన, అమెరికాకు ఇంకను పయనము కాని యువసన్న్యాసి వివేకానందుడు, పాశ్చాత్యదేశములకు తాను పోదలచిన ప్రయోజనమును గూర్చి ఆంగ్లమున మహోపన్యాస మొనర్చెను; సుమారు వేయిమంది సభికులు దానిని వినిరి. నాలుగేండ్ల పిమ్మట, 1897లో, ఆయన రామకృష్ణ మిషనును స్థాపించెను. 1899లో కలకత్తాను ప్లేగు పీడించినపుడు, ఆ వ్యాధి విషయమున విద్యార్థుల కర్తవ్యమేమో తెలుపుటకై ఆయన శిష్యురాలు సోదరి నివేదిత ఏర్పరచిన సభకు స్వామియే అధ్యక్షత వహించెను. సభానంతరము కొందరు విద్యార్థులు తమ పేర్లు నమోదు చేసికొని, మురికివాడలలో ఇండ్లు శుభ్రము చేయుటకును, జాగ్రత్తలను తెలుపు కరపత్రములు పంచుటకును బయలుదేరిరి. ఆధునిక భారతమున విద్యార్థిసేవకు ఇది తొలి రూపములలో నొకటి. అయినను దానికొక హద్దు కలదు: తెగులు తగ్గినంతనే విద్యార్థి తిరిగి తరగతికి పోవును, సేవ సన్న్యాసికి మిగులును. సర్వసంగపరిత్యాగికి జీతముతో నిమిత్తము లేదు. ఆలుబిడ్డలు గలవాడు ఆ పనిలో నిలువగోరినచో ఏమి తిని నిలుచుననెడి ప్రశ్నకు ఆనాడు సమాధానము లేదు.

ఆ ప్రశ్నను మొదట సూటిగా నెదుర్కొనినవాడు గోపాలకృష్ణ గోఖలే. 1905 జూన్ 12వ తేదీన పూనాలో ఆయన స్థాపించిన భారత సేవక సమాజము (సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ)లో చేరు పట్టభద్రుడు ఐదేండ్లు శిక్షణ పొందవలెను. తనకును తన కుటుంబమునకును సమాజము కల్పింపగలిగిన గ్రాసముతో తృప్తి నొందుదునని ప్రమాణము చేయవలెను. ఈ నియమములో రెండు గొప్ప విషయములున్నవి: ఒకటి, సేవకు శిక్షణ కావలెననుట, రెండవది, సేవకుని కుటుంబము ఆకలితో నుండరాదనుట. ఇంగ్లండులో 1884లోనే లండను తూర్పుభాగమున వెలసిన టాయిన్‌బీ హాలుకు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు వచ్చి బీదల నడుమ నివసించుచుండిరి. తరువాత ప్రధానమంత్రి యైన క్లెమెంట్ అట్లీ 1910 ప్రాంతమున ఆ సంస్థకు కార్యదర్శిగా పనిచేసినవాడే. విద్యార్థి యొకమారు పేదవాడలో ఊపిరి పీల్చినపిమ్మట ఆతని జీవితపు దిశయే మారునని అక్కడివారు ఆనాటికే గ్రహించిరి.

తెలుగునాట ఈ పరిణామమును ఒక్క జీవితములో చూడగోరువారు దుర్గాబాయిని చూడవలెను. 1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించిన ఆమె, ఆంగ్లమాధ్యమమును నిరసించి పండ్రెండవ యేట బడి మానివేసి, తాను నేర్చిన హిందీని తోటి బాలికలకును స్త్రీలకును నేర్పుటకు తానే పాఠశాల పెట్టెను. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగెను. ఆ సభ ప్రక్కనే ఏర్పాటైన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమునకు ఈ పదునాలుగేండ్ల బాలిక స్వచ్ఛంద సేవికగా నియుక్తయయ్యెను. చీటీ లేనివారిని లోనికి పోనీయవలదని ఆమెకు ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ చీటీ లేకయే ద్వారము వద్దకు వచ్చెను. ఆమె పోనీయలేదు. నిర్వాహకులు కలవరపడి చీటీ కొనితెచ్చి యిచ్చినపిమ్మటనే ఆయనకు ప్రవేశము లభించెను.

ఈ ఘటనను బాలిక ధైర్యమునకు దృష్టాంతముగా చెప్పుట పరిపాటి. ధైర్యము నిజమే. కాని నాకు ఇందులో అంతకంటె ముఖ్యముగా తోచునది ఆ నిర్వాహకులు చేసిన పని. పదునాలుగేండ్ల పిల్లను వేదికపై పూలు చల్లుటకు నిలుపక, ధనమునకు సంబంధించిన ద్వారమును, నియమమును, దానిని అమలుపఱచు అధికారమును ఆమె చేతి కప్పగించిరి. పెద్దమనిషి వచ్చినపుడు ఆమెను తప్పుకొమ్మని త్రోసివేయక, చీటీ కొనిరి. నిజమైన బాధ్యతను చిన్ననాట నొకమారు మోసిన చేతులు ఆ బరువును మఱచిపోవు. 1930లో మదరాసున ఉప్పు సత్యాగ్రహమును నడిపి చెఱసాలల పాలైన దుర్గాబాయి, విడుదలయైన పిమ్మట చదువు కొనసాగించి, 1937లో అక్కడనే ఆంధ్ర మహిళాసభను స్థాపించుటకు ఈ ద్వారపాలన తొలిమెట్టని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

ఆంధ్ర మహిళాసభ పుట్టుకయే మన విషయమునకు మిక్కిలి సన్నిహితము. చదువు నడుమ నాగిపోయిన తెలుగు స్త్రీలను కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధపఱచు తరగతులనుండి ఆ సభ పెరిగెను. తాను అదే పరీక్షను ప్రయివేటుగా నుత్తీర్ణయైన విద్యార్థిని ఇతరులకు ఆ దారిని చూపెను. బాలవితంతువులు, భర్త విడిచిన స్త్రీలు అక్కడ చదువుకొని, నర్సులుగను, ఉపాధ్యాయినులుగను, గ్రామసేవికలుగను బయటికి వచ్చిరి; కొందరు ఆ సభలోనే ఉద్యోగినులైరి. నిన్న సహాయము పొందినది నేడు సహాయము చేయునది యగుట, అందుకు ఆమెకు జీతము దొరకుట – దాత, యాచకుడు అను పాత విభజనను ఈ ఒక్క ఏర్పాటు కూలద్రోసెను.

రాజ్యాంగసభ సభ్యురాలుగను, ప్రణాళికాసంఘ సభ్యురాలుగను ఢిల్లీలో నుండగా దుర్గాబాయి గ్రహించిన సత్య మొకటి కలదు: దేశమున వేలకొలది స్వచ్ఛంద సంస్థలు సద్భావము గలవారి తీరిక వేళలపై నడచుచున్నవి, ఆ తీరిక తీరినంతనే అవియు మూతపడుచున్నవి. 1953 ఆగస్టులో స్థాపితమైన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన ఆమె, ప్రభుత్వధనమును స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటులుగా నందించు పద్ధతిని నెలకొల్పెను. సంస్థ స్వతంత్రముగనే యుండును, పనిచేయువారికి మాత్రము గ్రాసము దొరకును. గ్రామములలో నియమించుటకు చదివిన స్త్రీలు చాలకపోగా, 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాబోధన తరగతులను మండలి ప్రారంభించెను. పలువర్షముల పాఠశాల చదువును రెండేండ్లలో ముగించి, వారిని ఉద్యోగములకు అర్హురాండ్రను చేయుట దాని ఉద్దేశము. మదరాసులో ఆంధ్ర మహిళాసభ చేసిన పనియే దేశవ్యాప్తమయ్యెననవచ్చును.

ఆమె 1953 జనవరిలో వివాహమాడిన చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ పేరు ఈ చరిత్రలో వేరొక ద్వారమున ప్రవేశించును. రిజర్వు బ్యాంకునకు తొలి భారతీయ గవర్నరుగను, కేంద్ర ఆర్థికమంత్రిగను పనిచేసిన ఆయన అధ్యక్షతన 1959లో భారత ప్రభుత్వము జాతీయ సేవాసంఘమును నియమించెను. మాధ్యమిక విద్య ముగించి విశ్వవిద్యాలయమున చేరగోరు ప్రతి విద్యార్థియు తొమ్మిది నెలలు మొదలు ఒక యేడు వరకు దేశసేవ చేసి తీరవలెనని ఆ సంఘము సిఫారసు చేసెను. అందుకగు వ్యయమును తలచుకొని ప్రభుత్వము వెనుదీసెను. 1960లో విద్యావేత్త కె. జి. సయ్యదైన్ ఇతర దేశములలోని యువజన సేవాపద్ధతులను పరిశీలించి, సేవ నిర్బంధము కాక ఐచ్ఛికముగ నుండుట మేలని తెలిపెను. అటుపిమ్మట కొఠారీ విద్యాసంఘము కూడ విద్యార్థికిని సమాజసేవకును సంబంధ ముండవలెనని నొక్కిచెప్పెను. ఎట్టకేలకు గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, కేంద్ర విద్యామంత్రి డాక్టరు వి. కె. ఆర్. వి. రావు 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవాపథకమును ప్రారంభించెను. నేడు ఎన్.ఎస్.ఎస్. అని ప్రతి కళాశాలలోను వినబడు పేరు అదియే. రెండేండ్లలో 240 గంటల సేవయు, ఒక గ్రామమున ఏడు దినముల ప్రత్యేక శిబిరమును దాని నియమములు.

దేశ్‌ముఖ్ సంఘము కోరిన యేడాదితో ఈ 240 గంటలను పోల్చినచో ఎంత తగ్గినదో తెలియును. ఐచ్ఛికత మంచిదే యని నేనును నమ్ముదును. కాని ఏడు దినముల శిబిరములో విద్యార్థి ఊరిని చూచునే కాని ఊరు విద్యార్థిని నమ్మదు. నమ్మక మేర్పడు సమయమునకు బస్సు వచ్చును. మొక్కలు నాటి, ఛాయాచిత్రము తీసికొని, ధ్రువపత్రమును గైకొని వచ్చు శిబిరములు పెక్కు కలవు. అయినను, ఈ పథకము లేనిచో పేదరికమును పుస్తకములలోనే చూచియుండెడి లక్షలాది యువకులకు అది గుమ్మముదాక నైనను దారి చూపినది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి సుమారు పదివేలమందిని పొట్టనబెట్టుకొనినపుడు, శవములను తొలగించుటకును, మందులు మోయుటకును, గుడిసెలు నిలుపుటకును తరలినవారిలో కళాశాలల విద్యార్థులుండిరి. ఆ బురదలో దిగిన యువకులలో కొందరు తాము కోరిన కొలువులను విడిచి కోస్తాగ్రామముల పునర్నిర్మాణములోనే నిలిచిపోయిరి.

తిరిగి కార్ఖానా పరిసరములకు వత్తము. 1981లో తమ తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్య పేర కుటుంబమువారితో కలసి సంస్థను స్థాపించిన శాంతా సిన్హా హైదరాబాదు విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రాచార్యులుగా పనిచేసినవారు. శ్రామిక విద్యాపీఠము బాధ్యత వహించి రంగారెడ్డి జిల్లా గ్రామములలో తిరుగునపుడు వెట్టిచాకిరి బాలలను చూచి, 1990 తరువాత ఆ సంస్థ దృష్టినంతను వారివైపు మరల్చిరి. బడికి పోని ప్రతి బాలుడును బాలకార్మికుడే యను నిర్వచనము వారిది. పశువుల కాపరులుగను, పత్తిచేలలో కూలీలుగను ఉన్న పిల్లలను వసతి శిబిరములలో నుంచి, కొలది నెలలలో వయస్సునకు తగిన తరగతికి సిద్ధపఱచు బ్రిడ్జి కోర్సులు వారి సాధనము. ఈ శిబిరములలో పనిచేయుటకు నగరము నుండి పండితులను పిలిపింపలేదు. తమ కుటుంబములలో మొదటి తరము చదువరులైన గ్రామయువకులనే కార్యకర్తలుగా తీసికొనిరి. శిబిరములో చదివి పైకి వచ్చిన బాలలలో కొందరు తిరిగి అదే శిబిరములకు ఉపాధ్యాయులుగను, కార్యకర్తలుగను వచ్చిరి. 2003లో శాంతా సిన్హాగారికి రామన్ మెగసెసే బహుమానమును, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు తొలి అధ్యక్షపదవియు లభించినవి. ఆ గౌరవములు ఆమెకు తగినవే. కాని ఆమె ఘనకార్యము, పదవ తరగతి ముగించి పనిలేక యున్న పల్లెపిల్లవానికి తన ఊరిలోనే గౌరవప్రదమైన యొక పని చూపుట యని నేను తలంతును.

పికెట్టు వద్ద స్వీకార్-ఉపకార్ పుట్టిన విధము వేరు. శిశువైద్యులైన డాక్టరు పి. హనుమంతరావు, తమ యొద్దకు వచ్చు బుద్ధిమాంద్యము, చెవుడు, మూగతనము గల పిల్లలకు మందుకంటె శిక్షణ యవసరమని గుర్తించి, ఆ శిక్షణ నిచ్చువారు దొరకకపోగా వారిని తయారుచేయు విద్యాసంస్థను కూడ నెలకొల్పిరి. 1984లో మనోవికాస్ నగరున కేంద్రప్రభుత్వము స్థాపించిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థయు, 2016 ప్రాంతమున నామాంతరము పొందినదైనను, ఇదే కర్తవ్యమును దేశమంతటికిని నిర్వహించుచున్నది: అక్కడ పిల్లల పాఠశాలయు, వారికి బోధించువారికి డిప్లొమా, పట్టభద్ర తరగతులును ఒకే ఆవరణలో నడచుచున్నవి. 1992లో పార్లమెంటు చేసిన భారత పునరావాస మండలి చట్టము, తగిన అర్హత నొంది మండలి పట్టికలో చేరనివారు ఈ వృత్తులను చేపట్టరాదని శాసించినది. ప్రేమ గలిగిన ప్రతివాడును ఇట్టి పిల్లలకు చదువు చెప్పవచ్చునని తలచిన పాత స్వచ్ఛంద సేవకులకు ఈ చట్టము కష్టముగా తోచియుండవచ్చును. కాని, మాట రాని బిడ్డకు మాట నేర్పుట ఎట్లో తెలియని ప్రేమ, ఆ బిడ్డ కాలమును వ్యర్థము చేయును. ఎదుగు వయస్సున పోయిన రెండేండ్లు ఎవరును తిరిగి యియ్యజాలరు. ఈ విషయమున చట్టమే నిజమైన కరుణ చూపినదని నా నిశ్చయము.

లెప్రా సొసైటీ విషయము క్లుప్తముగా చెప్పవచ్చును. 1924లో ఇంగ్లండున పుట్టిన కుష్ఠు నివారణ సంఘమునకు శాఖగా కాక, స్వతంత్ర భారతీయ సంస్థగా 1989లో ఇది హైదరాబాదున రూపొందినది. చర్లపల్లిలో దీని పరిశోధనకేంద్రము పేరు బ్లూ పీటర్; అది ఇంగ్లండులోని బాలల టెలివిజను కార్యక్రమము పేరు. అక్కడి బడిపిల్లలు కూడబెట్టిన ధనము, ఇక్కడ పరిశోధనశాలగా మారి, మన శాస్త్రజ్ఞులకు ఉపాధియు, మన రోగులకు ప్రయోజనమును కల్పించినది.

ఇంతవరకు చెప్పిన చరిత్రలో నొక్క సూత్రము స్పష్టము. బాధ్యత, శిక్షణ, గ్రాసము – ఈ మూడును కుదిరిన చోట విద్యార్థి సేవకుడై నిలిచెను. మూడింటిలో నేది లోపించినను వెనుదిరిగెను. మనవారు మొదటి రెండింటిని ఒప్పుకొందురు, మూడవదానిని పలుకుటకు సంకోచింతురు. సేవచేయువాడు జీతమడుగుట తప్పని, అడిగినచో నది సేవయే కాదని, పెద్దలే పలుమారు పలుకుచుందురు. ఈ భావము వలన నష్టపోవువాడు ధనికుని కుమారుడు కాడు; ఆతడు ఉచితముగనే సేవచేయగలడు. ఇంటికి పెద్దకొడుకై, చెల్లెండ్ర పెండ్లిండ్లు తలపై నున్న కూలివాని బిడ్డ, ఎంత యోగ్యుడైనను, ఈ మార్గమున నడుగిడలేడు. తత్ఫలితముగా పేదల కొరకు నడచు సంస్థలలో పేదల బిడ్డలే కఱవగుదురు. విదేశీ విరాళముల చట్టమునకు 2020లో చేసిన సవరణ, సంస్థ పరిపాలనకై వినియోగింపదగు భాగమును 50 శాతము నుండి 20 శాతమునకు తగ్గించినది. దుర్వినియోగమును అరికట్టుట దాని ఉద్దేశమైనను, లెక్కలు వ్రాయు చిన్న ఉద్యోగి మీదనే ఆ భారము పడును. 2013 కంపెనీల చట్టము పెద్ద సంస్థల లాభములలో 2 శాతమును సామాజిక కార్యములకు కేటాయింపజేసినది గాన, కొంత ధనము వేరొక ద్వారమున వచ్చుచున్నది. అదియు భవనములకును పరికరములకును దొరకినంత సులభముగా మనుష్యుల జీతములకు దొరకదు. పలకమీద దాత పేరు చెక్కుటకు జీతములలో వీలుండదు గదా.

కావున కార్ఖానాలోను, మారేడుపల్లిలోను, బోయినపల్లిలోను గల సేవాసంస్థల పెద్దలకు నా విన్నపము: మీ గుమ్మమునకు వచ్చు కళాశాల విద్యార్థికి మొదటి దినముననే ఒక నిజమైన పనిని – ఒక బిడ్డ హాజరును గమనించుట, ఒక రోగి మందుల లెక్కను చూచుట, ఒక తల్లికి వారము వారము ఉత్తరము వ్రాయుట – అప్పగించి, దానికి ఆతడే జవాబుదారియని చెప్పుడు. ఆరు నెలలు నిలిచినవానికి శిక్షణకు దారి చూపుడు. శిక్షణ ముగించి వచ్చినవానికి, సాటి ఉపాధ్యాయునికిచ్చు జీతమునకు తగ్గకుండ నిచ్చుటకు మీ దాతలతో పోరాడుడు. మఱి విద్యార్థులారా, మీ 240 గంటలను పలుచోట్ల చెదరగొట్టక, మీ ఇంటికి దగ్గఱనున్న ఒక్క సంస్థకే ఇండు. అక్కడి కార్యకర్తలను వారి జీతమెంతయని, వారెట్లు చదివిరని, సంస్థలో చేరుటకు ఏ పట్టా కావలెనని సంకోచింపక అడుగుడు.